పొద్దున గ్రీకు, మధ్యాహ్నం ప్రూఫులు

సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే కాలేజీలో, చదువుకుంటూ ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశానని చెబితే ఇప్పటికీ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొందరు "పౌలుగారిలాగా అన్నమాట, గ్రేట్ బ్రదర్" అంటారు. బైబిల్లో అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పినవాడు మరి. ఇంకొందరు కాస్త ఆగి, "అంటే, విశ్వాసం మీద ఆధారపడి చదవలేకపోయారా?" అంటారు. మొదటివాళ్ళు నన్ను మరీ పైకెత్తేస్తారు, రెండోవాళ్ళు మరీ కింద పడేస్తారు. అసలు సంగతి ఈ రెండూ కాదు. ఫీజు కట్టాలి, అంతే. దేవుని పిలుపు ఉందని సీటిస్తారు గానీ, పిలుపు ఉందని ఫీజు మాఫీ చెయ్యరు కదా. మా సంఘం, అంటే మా ఊరి చర్చి వాళ్ళు ఇస్తామన్న సాయం మొదటి ఏడాది మధ్యలోనే ఆగిపోయింది. వాళ్ళనీ ఏమీ అనడానికి లేదు. చిన్న సంఘం. కాపరిగారికే నెలనెలా సరిగ్గా అందని పరిస్థితి.

పని దొరకడం మాత్రం చిత్రంగా దొరికింది. చాపెల్లో ప్రత్యేక ఆరాధన ఉన్నప్పుడల్లా ఆరాధన క్రమం అచ్చు వేయించేవాళ్ళు. ఒకసారి ఆ కట్ట తీసుకురమ్మని నన్ను ప్రెస్సుకి పంపారు. బిల్లు రాసేలోపు ఊరికే ఒక కాగితం తీసి చదువుతుంటే, ఒకచోట 'ప్రార్థన' కాస్తా 'ప్రార్ధన' అయింది, ఇంకోచోట కీర్తన నంబరు తారుమారైంది. చెప్పాను. ఫోర్‌మన్ కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మధ్యాహ్నం నుంచి ఖాళీయేనా తమ్ముడూ?" అన్నాడు. ఖాళీ ఎక్కడిది! అయినా ఖాళీయేనన్నాను.

సెమినరీ రోజు ఎలా ఉంటుందో బయటివాళ్ళకు అంతగా తెలియదు. పాటలు పాడుకుంటూ ప్రార్థనలు చేసుకుంటూ ప్రశాంతంగా గడిపేస్తామనుకుంటారు. పొద్దున్నే ఎవరి ధ్యానం వాళ్ళు చేసుకోవాలి, ఆ తర్వాత చాపెల్, చాపెల్ నుంచి తిన్నగా క్లాసులు. బైబిలు మూల భాషలైన గ్రీకు, హీబ్రూ, ఆపైన పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, వేదాంతం, నీతిశాస్త్రం, ప్రసంగశాస్త్రం, కౌన్సెలింగ్. మధ్యాహ్నానికి క్లాసులైపోతే మిగతా సమయం లైబ్రరీకని టైమ్‌టేబుల్లో రాసి ఉండేది. అందరూ లైబ్రరీ మెట్లెక్కే వేళకి నేను గేటు దాటేవాణ్ణి. చీకటి పడ్డాక తిరిగొచ్చి రాత్రి ప్రార్థనలో కూర్చుని, హాస్టల్లో లైట్లు ఆర్పేదాకా గదిలోనూ, ఆర్పాక వరండా లైటు కిందా చదివేవాణ్ణి.

పనిచేస్తూ చదువుకునే మిగతా స్టూడెంట్లకి ఆదివారమన్నా ఒకటుంటుంది. వారమంతా వెనకబడిన చదువును ఆ రోజు కాస్త అందుకోవచ్చు. మాకు అన్నిటికన్నా బరువైన రోజు అదే. శనివారం యవనస్థుల కూడిక, ఆదివారం పొద్దున సండే స్కూలు, ఆ తర్వాత ఆరాధన, మధ్యాహ్నం నుంచి ఇళ్ళ దర్శనాలు. సోమవారం వీటన్నిటి మీదా రిపోర్టు రాసివ్వాలి, దానికీ మార్కులుంటాయి. సంఘంలో ఎవరికైనా సీరియస్‌గా ఉందనో, ఎవరో పోయారనో రాత్రి పూట కబురొస్తే పాస్టర్‌గారి వెంట వెళ్ళాలి. "రేపు గ్రీకు టెస్టుందండీ" అని చెప్పే చోటు కాదది. ఏడుస్తున్నవాళ్ళ మధ్య కూర్చున్నంతసేపూ టెస్టు గుర్తుకే రాదు. తిరిగొచ్చే దారిలోనే మొదలవుతుంది టెన్షన్.

ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో కనిపెట్టడానికే నాకు మొదటి సెమిస్టరంతా పట్టింది. సంఘ చరిత్రకు ఒక మంచి గుణముంది. కథలా సాగుతుంది కాబట్టి నాలుగు రోజులు వదిలేసినా మళ్ళీ పట్టుకోవచ్చు. సిద్ధాంత వివాదాలు తేల్చడానికి సంఘ పెద్దలు కూడిన సభలు, నైసియా 325, కాన్‌స్టాంటినోపుల్ 381, కాల్సిదోను 451 అని సంవత్సరాలు కాగితం మీద రాసి పెట్టుకుంటే, ఏ వివాదం దేని వెనక వచ్చిందో మెల్లగా అదే అతుక్కుంటుంది. వేదాంతం అలా కాదు. ముక్కలు ముక్కలుగా చదివితే ముందు చదివిన పేజీ వాదం తర్వాతి పేజీకొచ్చేసరికి చేజారిపోతుంది. దానికి పొడుగాటి, ఎవరూ పిలవని రాత్రి కావాలి. అలాంటి రాత్రి నెలకొకటి దొరికితే గొప్ప.

గ్రీకు దీనికి పూర్తిగా ఉల్టా. ఒక్కరోజు ఆరేడు గంటలు కూర్చుంటే రాదు, రోజూ అరగంట కూర్చుంటే వస్తుంది. కొత్త నిబంధనలో దాదాపు 5,400 వేర్వేరు గ్రీకు పదాలున్నాయి. అన్నీ నేర్చుకునేంత టైము నాకెక్కడిది! కానీ 50 సార్లు, అంతకంటే ఎక్కువ వచ్చే పదాలు 300 పైచిలుకే. అవి వచ్చేస్తే ఏ పేజీ తెరిచినా దాదాపు ఐదింట నాలుగు పదాలు తెలిసిన మొహాలే. ఈ లెక్క తెలిసిన రోజున నాకు సగం దిగులు తీరింది. ప్రెస్సులో కటింగ్ మెషీన్ దగ్గర అట్టల అంచులు కోసి పారేస్తారు. రెండు వేళ్ళ వెడల్పున, ఒకే సైజులో, గట్టిగా ఉండేవి. అవి ఏరుకొచ్చి ఒకవైపు గ్రీకు మాట, రెండోవైపు తెలుగు అర్థం రాసుకునేవాణ్ణి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కట్ట ఉండేది. వచ్చిన మాటలు ప్యాంటు జేబులోకి మారేవి, రానివి చొక్కా జేబులోనే ఉండిపోయేవి. రంగురంగుల అట్టలు కాబట్టి కొన్ని పదాలు నాకు ఇప్పటికీ రంగుతో సహా గుర్తుంటాయి. ప్రేమకు ఆకుపచ్చ, పాపానికి లేత గులాబీ. ఏ ఉద్దేశంతోనూ కాదు, ఆ రోజు దొరికిన అట్ట అది.

హీబ్రూ దగ్గర మాత్రం ఆ జేబు విద్య పూర్తిగా పనిచేయలేదు. 22 అక్షరాలే గానీ వాటి కింద, పైన, కడుపులో చుక్కలు. ప్రెస్సులో కళ్ళు కాయలు కాచేలా చూసొచ్చాక రాత్రిపూట ఆ చుక్కలన్నీ దుమ్ములాగే కనిపించేవి. అందుకని అక్షరాల సంగతి పొద్దున చూసుకుని, క్రియారూపాలు బస్సులో నోటితో వల్లించేవాణ్ణి. హీబ్రూ వ్యాకరణంలో క్రియ నేర్పడానికి తరతరాలుగా వాడుతున్న నమూనా మాటకు అర్థం 'చంపుట'. "అతను చంపెను, ఆమె చంపెను, నీవు చంపితివి, నేను చంపితిని" అని కిటికీ వైపు తిరిగి గొణుక్కుంటుంటే పక్క సీటాయన లేచి వెళ్ళి డ్రైవరు వెనక నిలబడ్డాడు.

ఇక ప్రెస్సు గురించి.

ప్రూఫు దిద్దడం ఇద్దరి పని. ఒకరు అసలు కాపీని పైకి చదవాలి, ఇంకొకరు కంపోజ్ అయిన కాగితం మీద కళ్ళు పెట్టి వినాలి. మా దగ్గర చదివేది కంపోజింగ్ చేసే అక్కే. ఆమె చదువుతుంటే మొదటిసారి విన్నవాళ్ళకి నవ్వొస్తుంది. "పై విషయమును పురస్కరించుకొని కామా తమరికి తెలియజేయునది ఏమనగా ఫుల్‌స్టాప్ కొత్త పేరా" అని అక్షరాలూ గుర్తులూ అన్నీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో చదివేది. అనుమానం వచ్చేచోట "చుక్క ఉన్న థ", "పెద్ద ళ", "గుడి కాదు గుడి దీర్ఘం" అని తనే హెచ్చరించేది. అర్థంతో ఆమెకు పనిలేదు. నాకూ ఉండకూడదని రెండో వారంలోనే చెప్పింది. "నువ్వు విషయంలోకి వెళ్ళిపోతున్నావు తమ్ముడూ. విషయంలోకి వెళ్తే తప్పు కనపడదు" అంది. నిజం. అర్థం తెలిసిపోతుంటే కన్ను అక్షరాన్ని చూడదు, చూశాననుకుని దాటేస్తుంది. అందుకని ఆఖరిసారి చూసేటప్పుడు పేజీని కింది లైను నుంచి పైకి చదవడం నేర్పింది. అలా చదివితే ఏ వాక్యానికీ అర్థముండదు, తప్పులు మాత్రం వాటంతటవే పైకి తేలతాయి.

మూడో సెమిస్టర్లో పాఠ విమర్శ అనే పేపరు వచ్చింది. బైబిలు చేతిరాత ప్రతుల్లో తేడాలు ఎందుకొచ్చాయి, వాటిలో ఏది మూలానికి దగ్గర, ఇదీ విషయం. క్లాసులో చాలామందికి అది ఒక పెద్ద కుదుపు. అప్పటిదాకా అలాంటి తేడాలు ఉంటాయనే తెలియనివాళ్ళున్నారు. లెక్చరర్‌గారు బోర్డు మీద రెండు లైన్లు రాసి, రెండింటి చివరా ఒకే మాట పెట్టి, "రాసేవాడి కన్ను మొదటి లైను చివర నుంచి రెండో లైను చివరికి దూకేస్తుంది, మధ్యలోది పోతుంది" అన్నారు. ఉదాహరణగా యోహాను మొదటి పత్రిక 2:23 చూపించారు. గ్రీకులో ఆ వచనం రెండు భాగాలూ ఒకే మాటలతో ముగుస్తాయి. చాలా ప్రతుల్లో రెండో భాగం మొత్తం ఎగిరిపోయింది.

అందరూ నోట్సు రాసుకుంటున్నారు. నేను పెన్ను పక్కన పెట్టి కూర్చున్నాను. ముందురోజు సాయంత్రమే ఒక స్కూలు పరీక్ష పేపరు ప్రూఫు చూశాను. అందులో ప్రశ్నలన్నీ "వివరింపుము" అనే ముగుస్తాయి. ఒక "వివరింపుము" నుంచి ఇంకో "వివరింపుము"కి అక్క కన్ను దూకి, మధ్యలో ప్రశ్న ఒకటి మాయమైంది. నంబర్లు వరసగా ఉండటంతో మామూలుగా చూస్తే తెలియదు. పైకి చదివాం కాబట్టి దొరికింది. వందల ఏళ్ళ కిందట తోలు కాగితం మీద రాసినవాడికీ, కంప్యూటర్ ముందు కూర్చున్న అక్కకీ కన్ను ఒకేలా పనిచేస్తుంది. ఆ తర్వాత నాకు ఆ పేపరులో భయమంటూ లేదు. ఒకరు చదువుతుంటే పదిమంది రాసుకునే చోట చెవి తప్పులు ఎలా వస్తాయో చెప్పినప్పుడూ అంతే. రోమా పత్రిక 5:1లో పేచీ అంతా ఒక హ్రస్వ ఒకారానికీ దీర్ఘ ఓకారానికీ మధ్య. అది ఎంత తేలిగ్గా జరుగుతుందో తెలుగు ప్రెస్సులో కూర్చున్నవాడికి వేరే చెప్పాలా!

నిజాయితీగా చెప్పాలంటే ఆ పేపరు నా విశ్వాసానికి మేలే చేసింది. ప్రతుల్లో తేడాలున్నాయని విని కొందరు మిత్రులు రోజుల తరబడి దిగులుపడ్డారు. నాకు తప్పు అంటే వింతగా అనిపించడం అప్పటికే పోయింది. తప్పులున్న ప్రూఫును చూసి అసలు కాపీయే లేదని ఎవరూ అనుకోరు.

అదే పేపరులో విన్న ఒక సంగతి ప్రెస్సులో చెబితే ఫోర్‌మన్ అన్న వారం రోజులు నవ్వుకున్నాడు. వాటికన్ లైబ్రరీలో నాలుగో శతాబ్దపు బైబిలు ప్రతి ఒకటుంది. హెబ్రీ పత్రిక 1:3 దగ్గర ఎవరో ఒక మాట దిద్దారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంకెవరో వచ్చి ఆ దిద్దుబాటు కొట్టేసి పాత మాటే మళ్ళీ పెట్టి, పక్కన మార్జిన్‌లో ఇలా రాశారు: "ఓరి మూర్ఖుడా, దుర్మార్గుడా, పాతది అలాగే ఉండనీ, మార్చకు!" ఆ రోజు నుంచి ప్రెస్సులో ఎవరైనా అక్కర్లేని దిద్దుబాటు చేస్తే ఫోర్‌మన్ అన్న నోటి నుంచి అదే తిట్టు. ఒకసారి ఒక పెద్ద కస్టమరు తన కరపత్రంలో సరిగ్గా ఉన్న మాటను తప్పుగా మార్చమని పట్టుబడితే, ఆయన వెళ్ళాక అన్న తలుపు వైపు చూస్తూ "ఓరి మూర్ఖుడా" అని మొదలుపెట్టి, మిగతాది నా వంక చూసి ఆపేశాడు.

1631లో లండన్‌లో రాజుగారి ప్రింటర్లు అచ్చువేసిన బైబిలు కథా చెప్పాను. పది ఆజ్ఞల్లో ఒకచోట 'వద్దు' అనే మాట పడిపోయి, వ్యభిచరించమని దేవుడే ఆజ్ఞాపించినట్టు అచ్చయింది. 300 పౌండ్ల జరిమానా పడింది, ప్రింటింగ్ లైసెన్సు పోయింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోర్‌మన్ అన్న మాత్రం, "ప్రూఫ్ రీడర్ జీతం మిగుల్చుకుందామని చూసుంటారు. ఇదుగో, అందుకే నిన్ను పెట్టుకుంది" అన్నాడు. జీతం పెంచమని అడగడానికి అంతకన్నా మంచి సమయం దొరకదని ఆ రాత్రి పడుకున్నాక గానీ తట్టలేదు.

అన్నీ ఇలా కలిసొచ్చాయని అనుకోవద్దు. పరీక్షల కాలం నరకం. స్కూళ్ళకీ కాలేజీలకీ పరీక్షలొచ్చేది మా పరీక్షలొచ్చే రోజుల్లోనే. ప్రెస్సుకి అదే సీజను. ప్రశ్నపత్రాలు కాబట్టి బయటివాళ్ళకి ఇవ్వకూడదు, నమ్మకమైనవాడే చూడాలి, రాత్రికి రాత్రి అయిపోవాలి. నా పరీక్షకు చదవాల్సిన రాత్రి ఇంకెవరికో రాబోయే ప్రశ్నల్లో ఒత్తులు వెతుకుతూ కూర్చున్న రోజులున్నాయి. అలాంటి రాత్రి తర్వాత పొద్దున చాపెల్లో కూర్చుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నా పక్కన కూర్చునే మిత్రుడికి మోచేత్తో పొడవడం ఒక పరిచర్య అయిపోయింది.

ప్రసంగశాస్త్రం క్లాసులో తోటి విద్యార్థుల ముందు ప్రసంగించాల్సి వచ్చినప్పుడు నేను ఎంచుకున్నది ఐతుకు కథ. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం. పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చున్న యువకుడు నిద్రపట్టి మూడో అంతస్తు నుంచి పడిపోతాడు. మన సంఘాల్లో ఈ వాక్యం మీద ప్రసంగమంటే ఎప్పుడూ ఒకటే: ఆరాధనలో నిద్రపోయేవాళ్ళు జాగ్రత్త. నాకు వేరే సంగతి కనిపించింది. వాళ్ళు కూడుకున్నది వారం మొదటి రోజున. ఆ రోజుల్లో ఆదివారం సెలవు కాదు. చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదివారాన్ని విశ్రాంతి దినం చేసింది 321లో. అంటే త్రోయ పట్టణంలో ఆ మేడగదికి వచ్చినవాళ్ళలో చాలామంది పగలంతా పనిచేసి వచ్చుంటారు. గది నిండా దీపాలు, ఉక్క, ఆగని ప్రసంగం. ఆ కుర్రాడు ఇంటికెళ్ళి పడుకోకుండా అక్కడికి వచ్చాడు, నాకు అదే చాలా పెద్ద విషయంగా తోచింది. పైగా పౌలు కిందికి దిగి వెళ్ళి అతన్ని కౌగలించుకున్నాడే గానీ ఎందుకు నిద్రపోయావని ఒక్క మాట అనలేదు. ప్రసంగం అయ్యాక లెక్చరర్‌గారు కాగితం మీద రాసిచ్చిన అభిప్రాయం ఇది: "విషయం బాగుంది. ప్రసంగీకుడు కళ్ళు నులుముకోవడం తగ్గించాలి."

అందరూ అంత సరదాగా తీసుకోలేదు. ఒక లెక్చరర్‌కి నా పని అస్సలు నచ్చేది కాదు. అసైన్‌మెంటు ఒకరోజు ఆలస్యమైతే క్లాసులో అందరి ముందూ "నాగటి మీద చెయ్యిపెట్టి వెనుకతట్టు చూసేవాడు" దేవుని రాజ్యానికి తగడనే వచనం చదివి నా వైపు చూసేవారు. తిట్టినా పడొచ్చు గానీ వాక్యంతో కొడితే తిరిగి మాట్లాడటానికి ఉండదు. ఇది మా చదువుల్లోనే ఉన్న చిక్కు. మిగతా చోట్ల వెనకబడితే చదువులో వెనకబడ్డావంటారు. ఇక్కడ వెనకబడితే సమర్పణలో వెనకబడ్డావంటారు. హాజరు తగ్గితే ఒక్కోసారి మన పిలుపే తప్పేమోనన్న అనుమానం మనకే పట్టుకుంటుంది.

నన్ను ఆ అనుమానం నుంచి బయటపడేసింది కొత్త నిబంధన చెప్పే మేడమ్. ఒకరోజు క్లాసయ్యాక ఆపి, "బాబూ, నిన్ను పౌలుతో పోలుస్తున్నారట కదా, అతని సంగతి సరిగ్గా చదివావా?" అన్నారు. గ్రంథం తీసి అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం పెట్టారు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోము నుంచి వెళ్ళగొట్టాక అకుల, ప్రిస్కిల్ల కొరింథుకు వచ్చారు. వాళ్ళది డేరాలు కుట్టే వృత్తి, పౌలుదీ అదే. వాళ్ళింట్లో ఉండి పనిచేస్తూ విశ్రాంతి దినాల్లో మాత్రమే సమాజమందిరంలో మాట్లాడేవాడు. ఇదంతా రెండో వచనం నుంచి నాలుగో వచనం దాకా. అందరూ ప్రసంగించేది ఇక్కడిదాకే. ఐదో వచనంలో మాసిదోనియ నుంచి సీల, తిమోతి వస్తారు. అక్కణ్ణుంచి పౌలు పూర్తిగా వాక్యం మీదే ఉంటాడు. ఏం మారింది? మాసిదోనియ సహోదరులు తన అక్కర తీర్చారని పౌలే కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో చెప్పాడు. "డబ్బు లేనప్పుడు కుట్టాడు, వచ్చినప్పుడు తగ్గించాడు. రెండిట్లోనూ సిగ్గుపడలేదు. నువ్వూ పడకు" అన్నారావిడ.

ఇంకోటి కూడా చూపించారు. ఎఫెసులో తురన్ను పాఠశాలలో పౌలు రోజూ బోధించాడని 19వ అధ్యాయంలో ఉంది. బేజా పేరుతో పిలిచే ప్రాచీన ప్రతిలో దానికి ఒక చిన్న చేర్పుంది: ఐదో గంట నుంచి పదో గంట వరకు అని. మన లెక్కలో పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు. ఎండ మండే సమయం, అందరూ పని ఆపి నడుం వాల్చే సమయం. హాలు అప్పుడే ఖాళీగా దొరుకుతుంది. పొద్దున డేరాల పని, అందరూ పడుకున్నప్పుడు పాఠం. ఆ చేర్పు ఆ గ్రంథం రాసిన లూకాది కాకపోవచ్చని పండితులు చాలామంది అంటారు. రాసినవాడెవరో గానీ, రోజులో ఏ గంట ఎవరిదో తెలిసినవాడు.

మేడమ్ మాటలతో ఆగలేదు. సెమిస్టరుకి కొన్ని సబ్జెక్టులే తీసుకుని కోర్సును ఇంకో ఏడాది పొడిగించుకునే వీలుందని చెప్పి, ప్రిన్సిపాల్‌గారితో తనే మాట్లాడారు. అలా నాకు ఊపిరాడింది. దాని ఖరీదు ఏమిటో స్నాతకోత్సవం రోజున తెలిసింది. నా బ్యాచ్ వాళ్ళంతా గౌన్లు వేసుకుని వరసలో నడుస్తుంటే, నేను గుమ్మం దగ్గర నిలబడి కార్యక్రమ పత్రాలు పంచుతున్నాను. ఆ పత్రం ప్రూఫు చూసింది నేనే. వాళ్ళందరి పేర్లూ ఒత్తులతో సహా ఒకటికి రెండుసార్లు సరిచూశాను. ఏడుపు రాలేదు. కానీ ఫొటోలకి రమ్మంటే పనుందని వెళ్ళిపోయాను.

ఆ అదనపు ఏడాదిలో సంఘ చరిత్రకి వ్యాసం రాయాల్సి వచ్చి బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో ప్రెస్సు నడిపిన మిషనరీలు ముగ్గురిని తీసుకున్నాను: కేరీ, మార్ష్‌మన్, వార్డ్. కేరీ మొదట్లో చెప్పులు కుట్టినవాడనీ, 1793లో ఇండియాకొచ్చాక కొన్నేళ్ళు నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరుగా పనిచేశాడనీ మావాళ్ళకి తెలుసు. నన్ను పట్టుకున్నది మాత్రం వార్డ్. ఆయన వృత్తిరీత్యా ప్రింటరు. 1812 మార్చిలో ప్రెస్సుకి నిప్పంటుకుని కాగితాలు, రాతప్రతులు, ఎన్నో భాషల అచ్చక్షరాలు కాలిపోయాయి. ఈ కథ ఫోర్‌మన్ అన్నకు చెబుతుంటే చేతిలో పని ఆపేశాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చి పని నేర్చుకున్న తరం ఆయనది. "పంచ్‌లు పోయాయా?" అని అడిగాడు. అక్షరం పోతపోసే అచ్చులు, అంటే మాట్రిసులు, తయారుచేసే ఉక్కు మూసలవి. లేదన్నా, పంచ్‌లూ మాట్రిసులూ దొరికాయి, కరిగిపోయిన సీసం పోగుచేసి మళ్ళీ పోతపోశారు అన్నాను. ఆయన హమ్మయ్య అని, "పంచ్‌లున్నాయంటే ప్రెస్సు ఉన్నట్టే" అంటూ మళ్ళీ పనిలో పడ్డాడు. నా వ్యాసంలో ఆ వాక్యం పెట్టుకోలేకపోయాను. మూలం ఎక్కడిదని అడుగుతారు కదా.

ఆ ఏడాదిలోనే, ఆ వ్యాసం అయ్యాక, నేను వారాంతాల్లో వెళ్ళే సంఘం వాళ్ళు మిగిలిన ఫీజు తామే కడతామన్నారు. ప్రెస్సు మానేశాను. విచిత్రమేమిటంటే, చేతినిండా ఖాళీ వచ్చాక మొదట్లో నా చదువు తగ్గింది. మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుంటే ఇంకా చాలా టైముందనిపించేది, పేజీ కదిలేది కాదు. గంట మాత్రమే ఉందని తెలిసినప్పుడు చదివినంత వేగంగా, పూట మొత్తం చేతిలో ఉన్నప్పుడు చదవలేకపోయాను. అది సర్దుకోవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళు పని మానేస్తే చదువు దానంతటదే బాగుపడుతుందనుకుంటారు. వెంటనే అని మాత్రం ఆశపెట్టుకోవద్దంటాను. అలాగని పనిచేస్తూనే చదవండి, బాగుంటుందని కూడా చెప్పను. నిద్రలేని కళ్ళతో హీబ్రూ చుక్కలు చూసినవాడెవడూ ఆ మాట చెప్పడు.

నా థీసిస్ కొరింథులో పౌలు చేతిపని మీద. బైండింగ్‌కి వేరే చోటికి వెళ్ళడానికి మనసొప్పక ప్రెస్సుకే తీసుకెళ్ళాను. ఫోర్‌మన్ అన్న విశ్వాసి కాదు, బైబిలు ఎప్పుడూ తెరవలేదు. కానీ ఏ కాగితమూ చదవకుండా బైండింగ్‌కి పంపే అలవాటు ఆయనకి లేదు. మర్నాడు వెళ్ళేసరికి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని నాకోసం చూస్తున్నాడు.

"తమ్ముడూ, ఒక డౌటు. డబ్బులొచ్చాక ఈయన కుట్టడం మానేశాడంటావు."

"పూర్తిగా మానేశాడని కాదన్నా. వాక్యం మీద ఎక్కువ సమయం పెట్టాడని."

"సరే. మరి ఆ మొగుడూ పెళ్ళాలు? వాళ్ళ పేర్లేంటి, అకుల, ప్రిస్కిల్ల. వాళ్ళకెవరు పంపారు డబ్బులు?"

"పంపినట్టు ఎక్కడా లేదన్నా. ఎఫెసులో ఉన్నా, రోములో ఉన్నా వాళ్ళింట్లోనే సంఘం కూడేది."

"పని చేసుకుంటూ, ఇంట్లో సంఘం పెట్టుకుని?"

"అలాగే ఉండుండాలి."

"మరి ఆ ముక్క రాయలేదేం?" అని, ఎర్ర పెన్ను తీసి నాలుగో అధ్యాయం చివర మార్జిన్‌లో గుర్తు పెట్టాడు. "ఇక్కడొక పేరా పడాలి. రాసుకురా, అప్పుడు కుడతాను."

అక్కడే స్టూలు మీద కూర్చుని రాశాను. అక్క టైపు చేసింది. ప్రూఫు ఫోర్‌మన్ అన్న చూస్తానన్నాడు, కాపీ నేను చదవాల్సి వచ్చింది. కామాలు చెప్పకుండా చదివేస్తున్నానని అక్క రెండుసార్లు ఆపి మొదటినుంచి చదివించింది.